గురిగింజెత్తు మందు

లూయిస్‌టౌన్‌లో నా మందుల షాపు ఆరింటికి మూసేస్తాను.
ఆరుంపావుకి లోర్నా ట్వైట్ గరాజ్‌లో
ఇంకో రకం మందు తూస్తూ కూర్చుంటాను.

ఆవిడకి డెబ్బై ఒకటి. చెయ్యి వణుకుతోంది,
చూపు మాత్రం డేగది.
"త్రాసు నీది, మాట నాది" అంది మొదటిరోజే.
అక్టోబరు చివర. స్నోయీ కొండల నెత్తిన అప్పుడే సున్నపు గీత.
జింకల సీజనుకి ఇంక తొమ్మిది రోజులు.

తుపాకీ గోడకి ఆనించి ఉంది.
వాళ్ళ నాన్న కొన్నప్పటికే అది పాతది.
మీట లాగి మూస్తే పాత బీరువా గడియలా రెండు చప్పుళ్ళు,
ఖాళీ గుల్ల బయటికి ఒకటి, కొత్త తూటా లోపలికి ఒకటి.
దుకాణంలో దుర్భిణీలు తగిలించుకుని కొత్తవి మెరుస్తున్నాయంటే
"నాలుగొందల గజాల అవతలి జింకతో నాకేం పేచీ?" అంటుంది.
"దాని చెవి కదలడం కనపడాలి.
కనపడకపోతే ఇంటికెళ్ళి బంగాళాదుంపలు వండుకోవాలి."

ముందు ఏరివేత.
ఇత్తడి గుల్లలన్నీ తువ్వాలు మీద పోసి
ఒక్కోదాని మూతి గోటితో తడుముతుంది.
వెంట్రుకవాసి చీలికున్నా పక్క డబ్బాలోకి.
గురిగింజకి తన కింద నలుపు తెలీదంటారు మావాళ్ళు;
ఈ గుల్లల కింద నలుపు గోకే పని నాది.

గుండ్లు మొద్దు ముక్కువే కావాలి.
ఈ తుపాకీ గొట్టంలో తూటాలు రైలుపెట్టెల్లా
ఒకదాని వీపుకి ఒకటి ముక్కానించి నిలబడతాయి.
ముక్కు మొనదేలిందా, ముందున్నదాని వీపే గురి.
"మా చర్చి కమిటీ లాగే" అంది లోర్నా, నవ్వకుండా.

మా తాత కంసాలి. బంగారం గురిగింజలతో తూచేవాడు.
ఇక్కడి తూనిక గ్రెయిను;
రెండు గ్రెయిన్లు కాస్త అటూ ఇటూగా ఒక గింజ.
ఆ మాట మూడుసార్లు పలకబోయి మూడుసార్లూ పోగొట్టుకుంది.
గురి అంటే ఏమిటో చెప్పాను.
కాసేపు తుపాకీ వైపు చూసింది.

ఐనార్ ఉన్నన్నాళ్ళూ మందు పోసింది అతనే.
నాలుగేళ్ళుగా అతను నింపిపోయినవే కాలుస్తోంది,
ఏడాదికొకటి, ఎప్పుడైనా రెండు.
అట్టపెట్టెలో మిగిలినవి ఐదు.
మూత మీద పెన్సిలుతో 'ఎల్' అని ఒక్క అక్షరం. అంకె లేదు.

చీటీ లేని సీసా చూస్తే నాకు చెయ్యి ఆడదు.
అదే అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో.
"సరే, విప్పు" అంది.

ప్లాస్టిక్ సుత్తిలో తూటా బిగించి సిమెంటు మీద కొట్టాం.
మూడో దెబ్బకి గుండు జారింది. మందు గిన్నెలోకి ఒంపి తూచాను.
అతని నోటుబుక్కులో ఒక అంకె, త్రాసు మీద ఇంకొకటి.
త్రాసుని సున్నాకి తెచ్చి మళ్ళీ తూచాను.
ఇంకో తూటా విప్పాం. అదీ అంతే.
"గురిగింజెత్తు తక్కువ" అన్నాను, తెలుగులోనే, తెలీకుండా.

ఆవిడ కుడి భుజం రుద్దుకుంది,
ఏ ఏడో గుర్రం పడేసినప్పుడు విరిగి అతికిన చోట.
"ఆ ఏటినుంచి తుపాకీ మెత్తబడిందనుకున్నా" అంది.
"దానికీ వయసొచ్చిందనుకున్నా."

మిగిలిన మూడూ విప్పలేదు.
లావుపాటి పుస్తకం తీసి, ఆ తూకం హద్దులోనే ఉందని వేలు పెట్టి చూసుకుని
నోటుబుక్కులో అతని అంకె కింద కొత్తది రాసింది.
వణుకుకి ఏడు కాస్తా ఒకటిలా వచ్చింది, దిద్దింది.
పక్కన పేరు నన్ను రాయమంది, నా లిపిలోనే.

రాసి, మందు తూస్తున్నాను.
ఒకటి. రెండు. ఆరు.
వెనకాల ఆవిడ ఖాళీ తుపాకీ మీట లాగుతోంది, మూస్తోంది,
లాగుతోంది.